40,000 పదాల అనువాదానికి కొటేషన్ ఎలా వెయ్యాలి?

ప్రశ్న: మాది వరంగల్. నేను, మరో ఇద్దరు స్నేహితులు కలిసి ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తుంటాం. ఇన్నాళ్లూ కరపత్రాలు, బ్యాంకు ఫారాల లాంటి చిన్న పనులే వచ్చేవి. ఇప్పుడు బెంగళూరు ఏజెన్సీ ఒకటి వ్యవసాయ మోటార్లు, డ్రిప్ పరికరాల మాన్యువళ్లు పంపింది. మొత్తం 40,000 పదాలు. పదానికి రూపాయిన్నర చొప్పున 60,000 వస్తాయని ఆశపడ్డాం. వాళ్లేమో తమ సాఫ్ట్‌వేర్‌లో తీసిన పట్టిక ఒకటి పంపి, ‘లెక్కలోకి వచ్చేవి 20,650 పదాలే, 30,975 రూపాయలు ఇస్తాం’ అన్నారు. ఇది న్యాయమైన లెక్కేనా? మేమూ సాఫ్ట్‌వేర్ కొనుక్కోవాలా? కొంటే ఏది? ఇలాంటి పెద్ద పనికి అసలు అంచనా ఎలా వెయ్యాలి?

సమాధానం: మీరు జతచేసిన పట్టిక చూశాను. అందులో మోసమేమీ లేదు. చాలా ఏజెన్సీలు ఇదే పద్ధతిలో లెక్క కడతాయి. కాకపోతే అది పూర్తిగా వాళ్ల వైపు నుంచి వేసిన లెక్క. ఈ పనికి మీ ముగ్గురూ ఎన్ని గంటలు కూర్చోవాలో అందులో ఎక్కడా లేదు. కొటేషన్ పంపేముందు మీరు వేసుకోవాల్సింది ఆ గంటల లెక్కే. అది చేతిలో ఉంటే ఈ పట్టికలో దేనికి ఒప్పుకోవచ్చో, దేని దగ్గర ఆగాలో మీకే తెలుస్తుంది.

ముందు పట్టిక అర్థం చేసుకుందాం. ట్రాడోస్, మెమోక్యూ, ఫ్రేజ్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఇదివరకు అనువదించిన వాక్యాలను మూలంతో జతచేసి దాచుకుంటాయి. ఆ నిల్వనే ట్రాన్స్‌లేషన్ మెమరీ అంటారు. కొత్త ఫైల్ రాగానే ప్రతి వాక్యాన్నీ ఆ నిల్వతో పోల్చి, ఎంత శాతం కలిసిందో చెబుతాయి. మీ 40,000 పదాల్లో 15,000 పూర్తిగా కొత్తవి. 6,000 పాత మాన్యువల్‌లో యథాతథంగా ఉన్నవి. 9,000 ఈ ఫైళ్లలోనే మళ్లీ మళ్లీ వచ్చేవి, అంటే రిపీటిషన్లు. మిగిలిన 10,000 కొంత కలిసి కొంత కలవనివి. వీటినే ఫజ్జీ మ్యాచ్‌లంటారు. వాటిలో 95 నుంచి 99 శాతం కలిసినవి 3,000, 85 నుంచి 94 శాతం కలిసినవి 4,000, 75 నుంచి 84 శాతం కలిసినవి 3,000.

ఏజెన్సీ కొత్త పదాలకు పూర్తి రేటు ఇస్తోంది. ఫజ్జీ మ్యాచ్‌లకు పై నుంచి కిందికి 25, 40, 60 శాతం ఇస్తోంది. రిపీటిషన్లకు, నూటికి నూరు కలిసినవాటికి 10 శాతమే. అలా గుణించి కూడితే 20,650 వస్తుంది. నేనూ కూడి చూశాను, సరిపోయింది. అయితే ఈ శాతాలు ఏ చట్టంలోనూ లేవు. ఎవరికి వారు పెట్టుకున్నవే. కాబట్టి పదానికి రేటు ఎంతని బేరమాడినట్టే వీటి మీదా బేరమాడవచ్చు. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు రేటు దగ్గర పది పైసల కోసం పట్టుబట్టి, పట్టిక దగ్గర వేలు వదిలేసుకుంటారు.

ఫజ్జీ మ్యాచ్ దగ్గర తెలుగువాళ్లు ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోవాలి. సాఫ్ట్‌వేర్ పోలికను కొలిచేది ఇంగ్లిష్ వైపు. మీరు మార్పులు చేసేది తెలుగు వైపు. మోటారు మాన్యువల్‌లో ‘తడి చేతులతో స్విచ్ వెయ్యవద్దు’ లాంటి హెచ్చరికలుంటాయి కదా. పాత మాన్యువల్‌లో ఉన్న పొడవాటి వాక్యానికి కొత్తదానిలో ఒక్క ‘నాట్’ చేరిందనుకోండి, సాఫ్ట్‌వేర్ 90 శాతం పైనే కలిసిందని చూపించవచ్చు. తెలుగులో వాక్యం చివరి క్రియ మారాలి, ఒక్కోసారి ముందున్న షరతు కూడా మారాలి. అది గమనించకుండా పాత వాక్యాన్ని వదిలేస్తే రైతుకు ప్రాణాపాయం. అంత శ్రద్ధ పెట్టి చదవాల్సిన వాక్యానికి పావు వంతు రేటు చాలదు. కర్త ఏకవచనం నుంచి బహువచనానికి మారినా, ‘అతడు’ పోయి ‘ఆమె’ వచ్చినా ఇదే తంతు. ఇంగ్లిష్‌లో ఒక పదం మారితే తెలుగులో రెండు మూడు చోట్ల ప్రత్యయాలు సరిచెయ్యాలి.

నూటికి నూరు కలిసిన 6,000 పదాల దగ్గర అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: వాటి బాధ్యత ఎవరిది? పాత అనువాదం తప్పుగా ఉంటే మీరు దిద్దాలా, అలాగే వదిలెయ్యాలా? దిద్దాలంటే అది చదివి సరిచూసే పని, దానికి 10 శాతం కుదరదు. వదిలెయ్యాలంటే ఆ వాక్యాలకు తాళం వేసి పంపమనండి. సాఫ్ట్‌వేర్లలో ఆ సదుపాయం ఉంటుంది. అప్పుడు మీరు వాటిని ముట్టుకోరు, తప్పులుంటే మాట మీ మీదికి రాదు. ఈ రెండిట్లో ఏదో ఒకటి మెయిల్‌లో రాయించుకోండి.

ఇక అన్నిటికంటే మీకు నష్టం తెచ్చేది ఆ 9,000 రిపీటిషన్ల వరస. ఒక వాక్యం ఇరవై సార్లు వస్తే, మొదటిసారి అనువదించాక మిగతా పంతొమ్మిది సార్లూ సాఫ్ట్‌వేర్ దానంతటదే నింపుతుందన్నది దీని వెనకున్న ఆలోచన. ఒకే మనిషి, ఒకే కంప్యూటర్‌లో, ఫైళ్లన్నీ చేస్తే అది నిజమే. మీరు ముగ్గురు. ఫైళ్లు పంచుకుంటారు. మోటార్ల మాన్యువళ్లు మీకు, డ్రిప్ మాన్యువళ్లు ఒకరికి, విడిభాగాల జాబితాలు ఇంకొకరికి వెళ్లాయనుకోండి. గ్యారంటీ షరతుల పేజీ మూడింట్లోనూ ఉంటుంది. ముగ్గురికీ కలిపి ఒకే మెమరీ లేకపోతే ఆ పేజీని ముగ్గురూ విడివిడిగా అనువదిస్తారు. పని మూడు రెట్లు, డబ్బు మాత్రం ఒకటింబావు కూడా రాదు. పైగా మూడు రకాల తెలుగు తయారవుతుంది. దాన్ని ఒక దారికి తేవడానికి మళ్లీ ఒకరు కూర్చోవాలి.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. ట్రాడోస్‌లో గానీ మెమోక్యూలో గానీ పట్టిక తీసేటప్పుడు, ఫైళ్ల లోపలి వాక్యాలు ఒకదానితో ఒకటి ఎంత కలుస్తున్నాయో కూడా లెక్కలోకి తీసుకొమ్మని చెప్పవచ్చు. మెమోక్యూలో దీన్ని హోమోజెనిటీ అంటారు, ట్రాడోస్‌లో ఇంటర్నల్ ఫజ్జీ అంటారు. అది పెట్టి తీస్తే ఇంకా అనువాదమే కాని వాక్యాలు కూడా ఫజ్జీ వరసల్లోకి వెళ్లిపోతాయి, కొత్త పదాల సంఖ్య తగ్గిపోతుంది. మీ పట్టిక అలా తీసిందో లేదో కాగితం చూసి చెప్పలేం, అడగాల్సిందే. ‘ఇంటర్నల్ ఫజ్జీ కలిపి తీశారా?’ అని ఒక్క ముక్క అడగండి. తెలిసినవాళ్లతో వ్యవహారం అని వాళ్లకూ అర్థమవుతుంది.

ఇప్పుడు గంటల లెక్క. నా అంచనాలో, ఇలాంటి సాంకేతిక మాన్యువల్‌లో నిలకడగా పనిచేసే మనిషి గంటకు 250 కొత్త పదాలు చెయ్యగలరు. మొదటి రెండు రోజులు అంత కూడా సాగదు, పరికరాల పేర్లు స్థిరపడ్డాక వేగం పెరుగుతుంది. ఆ లెక్కన 15,000 పదాలకు 60 గంటలు. 75 నుంచి 84 శాతం కలిసిన 3,000కు గంటకు 400 చొప్పున ఏడున్నర గంటలు. 85 నుంచి 94 శాతం కలిసిన 4,000కు గంటకు 500 చొప్పున 8 గంటలు. 95 పైన ఉన్న 3,000కు 3 గంటలు. నూటికి నూరు కలిసిన 6,000 పదాలు చదవడానికి 4 గంటలు, రిపీటిషన్లు ఒకసారి చూసుకోవడానికి 3 గంటలు. మొత్తం 85.5 గంటలు.

ఇది ఒక చెయ్యి మీదుగా వెళ్లే అనువాదమే. అనువాద సేవల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 17100, 2015లో వచ్చింది. అనువదించిన మనిషి కాకుండా రెండో మనిషి మూలంతో పోల్చి సరిచూడాలని అది చెబుతుంది. మీకు సర్టిఫికెట్ లేకపోయినా ఫరవాలేదు గానీ, కరెంటుతో నడిచే పరికరాల మాన్యువల్‌ను ఇంకొకరు చూడకుండా పంపకండి. రిపీటిషన్లు, నూరు శాతం కలిసినవి పక్కనపెట్టి మిగతా 25,000 పదాలకు గంటకు వెయ్యి చొప్పున 25 గంటలు వేసుకోండి.

ఇవి కాక పైకి కనిపించని పనులున్నాయి. పరికరాల పేర్ల పట్టిక తయారు చేసి ఏజెన్సీతో ఒప్పించుకోవడానికి 6 గంటలు. దీన్ని మాత్రం తగ్గించకండి. చెక్ వాల్వుకూ, ఫిల్టరుకూ, లేటరల్ పైపుకూ రైతులు ఏమంటున్నారో కనుక్కోవాలి, ఒక డీలరు దగ్గరకో డ్రిప్ బిగించే మెకానిక్ దగ్గరకో వెళ్లి అడగాలి. ఫైళ్లు సిద్ధం చేసుకోవడానికి 3, అంకెలు, యూనిట్లు, ట్యాగులు (అక్షరాల రూపం లాంటివి చెప్పే గుర్తులు) సరిగ్గా ఉన్నాయో లేదో చెక్ చెయ్యడానికి 4, సందేహాల మెయిళ్లకు 4, పేజీలు పేర్చాక ఒకసారి చూడటానికి 8. ఇవి 25 గంటలు. అన్నీ కలిపి 135.5 గంటలు.

వాళ్లిస్తామన్న 30,975ను దీంతో భాగించండి. గంటకు 229 రూపాయలు కూడా రావు. ఇందులోంచే ఇంటర్నెట్, కరెంటు, కంప్యూటర్ రిపేర్లు, పని దొరకని రోజులు అన్నీ గట్టెక్కాలి. మీ ముగ్గురికీ గంటకు 350 వస్తేనే నిలబడగలం అనుకుంటే, ఈ పని ఖరీదు సుమారు 47,400. మీరు మొదట ఆశించిన 60,000కూ, వాళ్లన్న 31 వేలకూ మధ్యలో ఉందిది. మీ గంట విలువ ఎంతో మీరే తేల్చుకోవాలి, నేను వేసిన 350 ఒక ఉదాహరణే. వేగం కూడా మీది మీరు కొలుచుకోండి. ఒక మాన్యువల్ మధ్యలోంచి 500 పదాలు తీసి, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని ముగ్గురూ చేసి చూడండి. మొదటి పేజీల్లో కంపెనీ పరిచయం ఉంటుంది, అది తేలిగ్గా సాగిపోయి తప్పుడు అంచనా ఇస్తుంది. అందుకే మధ్యలోంచి తియ్యమంటున్నాను.

ఈ 47,400ను ఏజెన్సీ భాషలోకి మార్చి చెప్పాలి, గంటల లెక్క వాళ్లకు పంపనక్కర్లేదు. రెండు దారులున్నాయి. వాళ్ల శాతాలు వాళ్లనే ఉంచుకోమని, 20,650 పదాలకు రేటు 2 రూపాయల 30 పైసలు అడగవచ్చు. లేదా శాతాలు మార్చమనవచ్చు: రిపీటిషన్లకు 25, నూరు శాతానికి 30, ఫజ్జీ మ్యాచ్‌లకు పై నుంచి కిందికి 40, 60, 80. అప్పుడు లెక్కలోకి వచ్చే పదాలు 25,050 అవుతాయి. రూపాయి 90 పైసల చొప్పున 47,595 వస్తుంది. నేనైతే రెండోదే అడుగుతాను. రేటు పెంచమంటే చాలామంది ‘బడ్జెట్ లేదు’ అనేస్తారు. ఫలానా వరసలో ఫలానా పని ఉంది, దానికి ఇంత అని చూపిస్తే కూర్చుని మాట్లాడతారు. పైగా శాతాలు ఒకసారి సరిపడితే తర్వాత వచ్చే పనులన్నిటికీ అవే ఉంటాయి.

పట్టికలో లేని పదాల సంగతి కూడా చూసుకోండి. సాఫ్ట్‌వేర్ లెక్కపెట్టేది టైపు చేసి ఉన్న అక్షరాలనే. మోటారు బొమ్మలో బాణాలు గీసి రాసిన భాగాల పేర్లు ఇమేజ్‌లో ఉంటే అవి లెక్కలోకి రావు. మాన్యువళ్లలో ఇలాంటి బొమ్మలు బోలెడుంటాయి. ప్రతి ఫైలూ తెరిచి, పేజీలు తిప్పి, బొమ్మలు లెక్కపెట్టి వాటికి విడిగా ధర వెయ్యండి. వర్డ్‌లో పదాలు లెక్కపెట్టేటప్పుడు టెక్స్ట్ బాక్సులు, ఫుట్‌నోట్లు కలపాలా అని ఒక చిన్న టిక్ పెట్టె ఉంటుంది, అది తీసేసి ఉంటే బాక్సుల్లో ఉన్న పదాలు రావు. ఎక్సెల్ అయితే దాచిన వరసలు, దాచిన షీట్లు ఉన్నాయేమో చూడండి. స్కాన్ చేసిన పీడీఎఫ్ ఇస్తే టైపు చేసిన ఫైల్ అడగండి, లేదంటే టైపింగ్ ఖర్చు కలపండి.

‘మా దగ్గర పాత తెలుగు మాన్యువల్ ఉంది, అది వాడుకోండి’ అని ఏజెన్సీ అంటే సంతోషించే ముందు ఫాంటు చూడండి. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన పాత ఫైళ్లయితే వాటిని యూనికోడ్‌లోకి మార్చితే గానీ ఏ మెమరీలోకీ ఎక్కవు. మార్చాక ఒత్తులు, గుణింతాలు తారుమారైన చోట్లు వెతికి దిద్దుకోవాలి. అది పూర్తిగా వేరే పని, వేరే బిల్లు. పేజీలు పేర్చే పని కూడా మీదేనా అన్నది ముందే తేల్చుకోండి.

పదాలు ఏ భాషలో లెక్కపెట్టాలన్నది మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి చేసేటప్పుడు మూలం పదాల మీదే లెక్క పెట్టండి. తెలుగులో విభక్తులు, ప్రత్యయాలు పదానికే అతుక్కుంటాయి కాబట్టి అనువాదంలో పదాల సంఖ్య బాగా తగ్గుతుంది. తెలుగు పదాలు లెక్కపెట్టి ఇస్తామని ఎవరైనా అంటే రేటు ఆ మేరకు పెంచమనాలి. మూలం మీద లెక్కకు ఇంకో లాభం కూడా ఉంది, పని మొదలవ్వకముందే మొత్తం ఎంతో ఇద్దరికీ తెలుస్తుంది. ఒకే ఫైల్‌కు వర్డ్, ట్రాడోస్, మెమోక్యూ తలా ఒక సంఖ్య చూపిస్తాయి. హైఫన్ ఉన్న పదాలను, అంకెలను, లింకులను ఒక్కొక్కటి ఒక్కోలా లెక్కపెట్టడమే కారణం. ఏ సాఫ్ట్‌వేర్ లెక్క ఖాయమో కొటేషన్‌లోనే రాసుకుంటే చివర్లో గొడవుండదు.

సాఫ్ట్‌వేర్ కొనాలా అన్నారు. ఈ ఒక్క పని కోసమైతే వద్దు. ఒమేగాటీ అని ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. కొత్త ప్రాజెక్ట్ తెరిచి సోర్స్ ఫోల్డర్‌లో ఫైళ్లు వేసి, ఏజెన్సీ దగ్గర మెమరీని టీఎంఎక్స్ ఫైల్‌గా (ఏ అనువాద సాఫ్ట్‌వేర్‌లోకైనా ఎక్కించుకోగలిగే రకం) అడిగి తీసుకుని టీఎం అనే ఫోల్డర్‌లో పెట్టండి. టూల్స్ మెనూలో మ్యాచ్ స్టాటిస్టిక్స్ నొక్కితే వాళ్లు పంపినలాంటి పట్టికే మీకూ వస్తుంది. సంఖ్యలు అచ్చంగా కలవవు, కలవాల్సిన పనీ లేదు. కొత్త పదాలు వాళ్లు 15,000 అంటే మీకు 20,000 చూపిస్తోందనుకోండి, అప్పుడు ఎందుకని అడగండి. ఒమేగాటీలో, ఫైళ్లను అందరికీ ఒకచోట ఉంచే గిట్ సర్వర్ ద్వారా ముగ్గురూ ఒకే ప్రాజెక్ట్‌లో కూడా పనిచెయ్యవచ్చు. మొదట పెట్టుకోవడం కాస్త తలనొప్పే, తెలిసినవాళ్ల సాయం తీసుకోండి. రిపీటిషన్ల సమస్య దాంతో చాలావరకు తీరుతుంది. ఏజెన్సీ తమ మెమోక్యూలోనో ఫ్రేజ్‌లోనో చెయ్యమంటే లైసెన్స్ వాళ్లనే ఇమ్మనండి. చాలా ఏజెన్సీలు పని జరిగినన్నాళ్లు అనువాదకులకు అలా ఇస్తుంటాయి.

ప్లునెట్, ఎక్స్‌టీఆర్‌ఎఫ్, ప్రోటెమోస్ లాంటివి వేరే రకం. అవి అనువాద వ్యాపారం నడపడానికి: క్లయింట్ వారీగా రేట్లు, పట్టిక నుంచి కొటేషన్, ఎవరికి ఏ ఫైల్ ఇచ్చాం, ఎంత చెల్లించాలి, ఎంత మిగిలింది అన్నీ ఒకచోట ఉంటాయి. పదిమంది అనువాదకులు, నాలుగైదు భాషలు ఉన్నచోట అవి లేకపోతే గందరగోళమే. ముగ్గురికి ఒక ఎక్సెల్ షీట్ చాలు. ఫైల్ పేరు, పదాలు, అనుకున్న గంటలు, నిజంగా పట్టిన గంటలు, వచ్చిన డబ్బు. నిజంగా పట్టిన గంటలు అన్న గడి ఏ రోజుకారోజు నింపండి. నాలుగైదు పనులయ్యాక మీ వేగం ఎంతో మీ షీటే చెబుతుంది, నా 250 మీకు అవసరం ఉండదు. ఆ అలవాటు లేకుండా ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా, మీరు ఊహించి ఇచ్చిన సంఖ్యనే అది చక్కగా ప్రింట్ తీసి ఇస్తుంది.

‘మిషన్ అనువాదం చేసి ఇస్తాం, మీరు దిద్దండి, సగం రేటు’ అన్న మాట కూడా బేరంలో రావచ్చు. ఒప్పుకునే ముందు పైన చెప్పిన 500 పదాల పరీక్షే దానికీ పెట్టండి. దిద్దడానికి సగం సమయం పడితే సగం రేటు సరే. హెచ్చరికలూ పట్టికలూ ఉన్న మాన్యువల్‌లో అలా జరుగుతుందో లేదో మీ టైమర్‌ను బట్టి చెప్పండి.

డబ్బు విషయాలు. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటకపోతే, కర్ణాటకలోని ఏజెన్సీకి చేసినా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రిజిస్టర్ అయి ఉంటే కొటేషన్‌లో ‘జీఎస్టీ అదనం’ అని రాయండి. చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, అది చేయించుకోండి. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా సరే 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ‘మా పద్ధతి 90 రోజులు’ అని ఏజెన్సీ అంటే ఆ మాట గుర్తుచెయ్యవచ్చు.

గడువు అడిగితే తొందరపడి వారం అనకండి. 135 గంటలను ముగ్గురూ రోజుకు ఆరేసి గంటలు పంచుకుంటే ఎనిమిది రోజులు పడుతుంది. కానీ అనువాదం కొంత అయితేగానీ సరిచూడటం మొదలవ్వదు, పరికరాల పేర్లు ఖాయమైతేగానీ అనువాదం సాగదు. పన్నెండు పనిరోజులు అడగండి. మొదటి మాన్యువల్ నాలుగో రోజుకల్లా పంపి, పేర్లూ శైలీ నచ్చాయని వాళ్ల నుంచి మెయిల్ వచ్చాకే మిగతావి ముందుకు తీసుకెళ్లండి. చివర్లో ‘ఈ పదం మాకు నచ్చలేదు, అన్నిట్లో మార్చండి’ అంటే ఎన్ని గంటలు పోతాయో ముందుగా ఎవరూ అంచనా వెయ్యలేరు. అందుకే పేర్లు ఖాయమయ్యాక అడిగే మార్పులకు గంటకు ఇంత అని ఒక వాక్యం కొటేషన్‌లో చేర్చండి. 40 వేలకు దిగిరమ్మంటే బొమ్మలో, పేజీలు చూసే పనో, నూరు శాతం వాక్యాల బాధ్యతో ఏదో ఒకటి తీసేసి దిగండి. పనంతా అలాగే ఉంచి ధర మాత్రం తగ్గించమంటే ఈ పని వదులుకోవడమే మేలు.